చేతికిచ్చిన చాకు

మా ఊళ్ళో ఎవరినైనా ఆపి, పోస్టుమాన్ కుమారస్వామి గారు ఎలాంటి మనిషండీ అని అడగండి. "ఆయ్, చాలా మర్యాదస్తులండీ" అంటారు. ఉత్తరం ఇచ్చేటప్పుడు ఎడంచెయ్యి గుండెమీద పెట్టుకుని, కాస్త ముందుకి వంగి, కుడిచేత్తో అందిస్తారు. ఆ వంగడం చూసి ముసలివాళ్ళు మురిసిపోతారు. ప్రెసిడెంటుగారికైనా పాలేరుకైనా అదే వంగడం.

ఇరవైతొమ్మిదేళ్ళు ఆయనతో కాపురం చేసినదాన్ని కాబట్టి అసలు సంగతి నేను చెబుతాను. ఆయన చొక్కా జేబులో ఒక మడతచాకు ఉంటుంది. ముందుకి వంగితే అది జారి కింద పడుతుంది. అందుకని జేబుమీద చెయ్యి వేసుకుని వంగుతారు. అంతే! మర్యాదా లేదు, నా మొహమూ లేదు. ఆయనకి అసలు మర్యాదే తెలీదని కాదు నేననేది. అది మరీ ఎక్కువై మా కొంప మీదికి తెచ్చిన కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నా పేరు సూర్యకుమారి. మా ఊరు అంబాజీపేట పక్కనే. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన జీవితంలోకి ఆ చాకు నాకంటే ఆరేళ్ళు ముందు వచ్చింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో అంతర్వేది తీర్థానికి వెళ్ళి, మొదటి జీతంలోంచి తీసి కొన్నారట. తీర్థానికి వెళ్ళినవాళ్ళు దేవుడి పటమో, జీళ్ళ పొట్లమో తెచ్చుకుంటారు. ఈయన చాకు తెచ్చుకున్నారు. మడిస్తే వేలెడంత ఉంటుంది, ఇత్తడి పిడి, రోజూ తెరిచి తెరిచి పిడిమీద ఒకచోట ఆయన బొటనవేలంత గుంట పడింది.

నేను కాపురానికి వచ్చిన వారం రోజులకి, ఓ సాయంత్రం నన్ను పెరట్లో జామచెట్టు కింద కూర్చోబెట్టి, దోరకాయ ఒకటి కోసి, ఆ చాకుతో సన్నగా చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది, ఆకులో పెట్టి ఇచ్చారు. ఎంత ముచ్చటేసిందో! మర్నాడు పొద్దున్న చూద్దును కదా, అరుగుమీద కూర్చుని అదే చాకుతో కాలిగోళ్ళు తీసుకుంటున్నారు.

"అదేంటండీ! నిన్న జామకాయ కోసింది దీంతోనేనా?"

"కడిగేనే బాబూ."

"ఎప్పుడు కడిగేరు? జామకాయకి ముందా, గోళ్ళ తర్వాతా?"

ఆయన కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచించడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మా మొదటి తగువు అదే. కొత్త పెళ్ళికూతురు గొంతు ఇంత పెద్దదా అని పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగి చూశారు.

ఆ తర్వాత ఆ చాకుమీద నేను పెట్టుకున్న ఫిర్యాదులు ఒకటా రెండా? దాని స్ప్రింగు ఎప్పుడో వదులైపోయింది. కొంచెం గట్టి వస్తువు కోస్తుంటే టపీమని వేలిమీదే మూసుకుంటుంది. ఆయన చూపుడువేలి మీద మూడు గాట్లున్నాయి. వానాకాలం వస్తే చాలు, తుప్పు. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాస్తే, ఆ నూనె మరక చొక్కా జేబుకి. చొక్కా ఉతికేదాన్ని నేను. బరువుకి జేబు అడుగు చిరిగిపోతుంటే, కొన్న ప్రతి చొక్కాకీ లోపల గట్టి గుడ్డ వేసి కుట్టేదాన్నీ నేనే. ఉతకడానికి నేనూ, కుట్టడానికి నేనూ, గుండెమీద కూర్చోడానికి మాత్రం అదీ! దానికి నేను సవతి అని పేరు పెట్టాను. ఆయనకీ తెలుసు. "మీ అక్కయ్య ఎక్కడుంది?" అని నన్నే అడిగేవారు, కనబడకపోతే.

మా అబ్బాయి సతీష్ పెళ్ళిబట్టలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు పెద్ద బట్టలషాపు గుమ్మంలో సెక్యూరిటీ అబ్బాయి ఆపాడు. చాకు ఇక్కడ పెట్టేసి వెళ్ళండి, వచ్చేటప్పుడు తీసుకోండి అన్నాడు. అందులో తప్పేముంది? ఈయన మాత్రం "మీరెళ్ళి తీసుకోండి, నాకు రంగులు తెలీవు" అని మూడు గంటలు ఎండలో బయటే నిలబడ్డారు. కన్నకొడుకు పెళ్ళిబట్టలు చూడలేదు. నాకు కోపం రాదూ?

అలాగని దానివల్ల మంచి లేదంటే కళ్ళు పోతాయి. పోస్టు సంచీ మూతికి బిగించిన తాడు కొయ్యాలన్నా, పార్సిలు విప్పాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. మా ఊళ్ళో జయమ్మగారని రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు. ఆవిడకి ఇప్పటికీ పాత శిష్యులు క్రిస్మస్‌కి కార్డులు పంపుతారు. కళ్ళజోడు వెతుక్కునేలోపు ఈయనే కవరు అంచు సన్నటి గీతలా కోసి ఇస్తారు. లోపలి కార్డుకి గాటు పడదు, కవరు చిరగదు. ఆవిడ ఆ కవర్లన్నీ దాచుకున్నారు. "మీ ఆయన కోసిన కవరు చూస్తే, తెరిచినట్టే ఉండదమ్మా" అనేవారు నాతో. ఓసారి కాలవగట్టు మీద ఎవరో అమ్మాయి చున్నీ మోపెడ్ చక్రంలో చుట్టుకుని మెడకి బిగిసిపోతే, అటుగా సైకిలుమీద వెళ్తున్న ఈయన దిగి ఒక్క కోతలో తెంపేశారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పనైనా చెప్పలేదు. మర్నాడు ఆ అమ్మాయి తల్లి అరటిగెల పట్టుకొస్తే అప్పుడు తెలిసింది నాకు.

ఊళ్ళో అందరూ దాన్ని అడిగేవారే. అడిగితే ఇచ్చేవారు గానీ, చేతికి ఇచ్చేవారు కాదు. మా వైపు అది గట్టి పట్టింపు. పదునున్న ఇనుము ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి వెళ్తే ఆ ఇద్దరికీ తగువులొస్తాయంటారు. అందుకని ఈయన అరుగుమీద పెడతారు, వాళ్ళు తీసుకుంటారు. పనయ్యాక వాళ్ళు పెడతారు, ఈయన తీసుకుంటారు. నాకైనా అంతే. ఇరవైతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ చాకు ఆయన నా చేతికి ఇవ్వలేదు, నేను ఆయన చేతికి ఇవ్వలేదు. సవతిని నేనెందుకు ముట్టుకుంటానూ!

సరే. పోయిన వైశాఖంలో సతీష్ పెళ్ళయింది. కోడలు గాయత్రి ముమ్మిడివరం పిల్ల. వాళ్ళ నాన్నగారు బాపిరాజుగారు, రొయ్యల చెరువులు చేస్తారు. వాళ్ళమ్మ వీరలక్ష్మిగారు. మనుషులు ఎంత మంచివాళ్ళంటే, మనం తుమ్మితే వాళ్ళు క్షమించమంటారు. పిల్లని మా ఇంట్లో దింపడానికి సారె పట్టుకుని కారులో వచ్చారు. కాజాల బిందె, సున్నుండల బిందె, పూతరేకుల పెట్టె, అన్నిటికీ నైలాన్ తాడు, తాడు నిండా ముళ్ళు.

మా ఆయన జేబులోంచి చాకు తీసి, తెరిచి, బల్లమీద పెట్టారు. బాపిరాజుగారు తీసుకుని ముళ్ళన్నీ తెంపేశారు. తెంపి, చాకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బ, ఏం పదునండీ బావగారూ! ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ" అన్నారు.

"బాగుంటే ఉంచండి బావగారూ" అన్నారు మా ఆయన.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా కోనసీమలో మర్యాదకి ఒక పద్ధతుంది. మన వస్తువు బాగుందని ఎవరైనా అంటే, ఉంచండి అనాలి. వాళ్ళు వద్దండీ అనాలి. మళ్ళీ మనం అనాలి, మళ్ళీ వాళ్ళు వద్దనాలి. మూడోసారికి అందరి మర్యాదా అందరికీ దక్కుతుంది, ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇక కాఫీలు తాగొచ్చు. నాలుగోసారి ఎవరూ అనరు. నాలుగోసారి అన్నారంటే నిజంగానే ఇచ్చేస్తున్నట్టు. అప్పుడు కూడా వద్దంటే మొహంమీద కొట్టినట్టే.

బాపిరాజుగారు పద్ధతి తెలిసిన మనిషి. వద్దండీ అన్నారు, అబ్బెబ్బే అన్నారు, మీ చేతిలోనే అందమండీ అన్నారు. మూడూ అయిపోయాయి. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను కూడా. అప్పుడు మా ఆయన, మగపెళ్ళివాళ్ళమని బిగుసుకుపోయే రకం కాదని చూపించుకోవాలనో ఏమో, ఎడంచెయ్యి గుండెమీద పెట్టుకుని ముందుకి వంగి, "అలా అనకండి బావగారూ, మీకంటేనా! ఉంచండి" అన్నారు.

నాలుగోసారి!

బాపిరాజుగారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. చేతిలో చాకు వైపు చూశారు, మా ఆయన వైపు చూశారు. "మీరింతగా అంటున్నాక కాదనడం బాగోదండీ" అని, మడిచి జేబులో వేసుకున్నారు. మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు కారు వీధి మలుపు తిరిగేదాకా అలాగే ఉంది. తర్వాత ఎడంచెయ్యి జేబుమీద వేసుకుని చూసుకున్నారు. జేబు చదునుగా ఉంది.

పీడా పోయింది అనుకున్నాను నేను. అబద్ధం ఎందుకు చెప్పడం, ఆ రోజు నాకు పండగే. జేబులకి గుడ్డలు వెయ్యక్కర్లేదు, మరకలు తోమక్కర్లేదు. గాయత్రీ సతీష్ కాకినాడలో కాపురం పెట్టారు, అక్కడే వాడి ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరమే. ఇక హాయిగా ఉండొచ్చని లెక్క వేసుకున్నాను.

నాలుగు రోజులు పోయాక జయమ్మగారు జాకెట్టు కొలత ఇచ్చే వంకతో వచ్చారు. "ఏమ్మా సూర్యకుమారీ, కుమారస్వామికి ఒంట్లో బాగాలేదా?" అన్నారు. ఏం, ఎందుకండీ అన్నాను. ఆవిడ సంచీలోంచి ఒక కవరు తీసి చూపించారు. మూల పట్టుకుని చించిన కవరు. లోపలి కాగితం కూడా సగం చీలింది. "ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. క్షమించండి అని మూడుసార్లు అన్నాడు పాపం. వంగి, గుండెమీద చెయ్యి పెట్టుకునే అన్నాడు" అన్నారావిడ.

ఆ చెయ్యి ఏమీ లేని జేబుమీద పెట్టుకున్నారని నాకు తెలుసు.

అమలాపురం వెళ్ళి కొత్త చాకు కొనుక్కోమని నేనే పంపాను. కొనుక్కొచ్చారు. ఎర్ర ప్లాస్టిక్ పిడి. రెండోరోజే జేబులో ఉండగా తెరుచుకుని, నేను కుట్టిన గుడ్డతో సహా జేబంతా చీల్చేసింది. ఆయన దాన్ని డ్రాయరులో పడేశారు. పాతదాని గురించి, "అది ఎప్పుడూ అలా చెయ్యలేదు" అన్నారు మెల్లిగా. ఎదురుగా లేని మనిషి గురించి అన్నట్టుగా అన్నారు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. మా ఆయన మంచివారైపోయారు. మామూలుగా మా ఇంట్లో రోజుకి రెండు తగువులు. పొద్దున్న కాఫీలో పంచదార గురించి ఒకటి, సాయంత్రం ఇంకేదైనా ఒకటి. ఇప్పుడు నేనేమన్నా "అలాగే" అంటున్నారు. కూర బాగుందా అంటే "బాగుంది". వానొచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళండి అంటే "అలాగే". మామూలుగా అయితే, "మబ్బుంటే వానేనా? నీకు మబ్బు కనబడితే చాలు" అని మొదలెట్టి వీధి గుమ్మందాకా సాగదీసేవారు. సాయంత్రాలు జామచెట్టు కింద కుర్చీలో కూర్చుని చెట్టువైపు చూస్తూ ఉండేవారు. కాయలు దోరకి వచ్చి, పండి, రాలి, ఉడతలపాలైపోతున్నాయి. జామకాయ కోసిపెట్టండి అని ఓరోజు నేనే అడిగాను. "కత్తిపీట ఉంది కదా" అన్నారు.

నాకు భయమేసింది. ఓరోజు కావాలనే పులుసులో ఉప్పు రెండింతలు వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయాను నేను. ఆయన విస్తరి ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుంటూ, "బాగుంది కుమారీ" అన్నారు.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా. ఎవరికైనా చెబితే నవ్వుతారు, మొగుడు తగువు పెట్టుకోవడం లేదని ఏడ్చే ఆడది ఉంటుందా అని! నాకు ఆ చాకుతో పనిలేదు. నాతో తగువు పెట్టుకునే నా మనిషి నాకు కావాలి.

"బాపిరాజుగారికి ఫోను చేసి అడగండి" అన్నాను.

"అమ్మమ్మ! ఇచ్చిన వస్తువు మళ్ళీ అడుగుతామా? గాయత్రి మనల్ని ఏమనుకుంటుంది? నేను చచ్చినా అడగను" అన్నారు. అన్నాళ్ళలో ఆయన నాకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే. కాస్త ప్రాణం లేచొచ్చింది, కానీ మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆయన వీధిలోకి వెళ్ళిన సమయం చూసి నేనే వీరలక్ష్మిగారికి ఫోను చేశాను. ఎలా అడగాలో నాకూ తెలీదు. బాగున్నారా వదినగారూ, బాగున్నామండీ, చెరువులెలా ఉన్నాయండీ, దేవుడి దయండీ, ఇలా పావుగంట గడిచింది. ఇంక పెట్టేద్దామనుకుంటుంటే ఆవిడే గొంతు తగ్గించి అన్నారు.

"వదినగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదండీ?"

"అయ్యో, అడగండి వదినగారూ."

"అన్నయ్యగారు ప్రేమగా ఇచ్చేరు. ఇలా అడగకూడదు. ఆ చాకు ఉంది చూశారూ... అది తిరిగిచ్చేస్తే అన్నయ్యగారు బాధపడతారేంటండీ?"

నేను మిషను బల్లమీద కూర్చుండిపోయాను. ఆవిడ మాత్రం ఆనకట్ట తెగినట్టు చెప్పుకుపోయారు. బాపిరాజుగారికి చాకులంటే చిన్నప్పటినుంచీ భయమట. ముళ్ళు తెంపుతూ బాగుందన్నది కేవలం మర్యాదకట. వియ్యంకుడు అంత ఆప్యాయంగా ఇచ్చింది బీరువాలో పడేస్తే బాగోదని రోజూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారట. రెండుసార్లు వేలు తెగింది. అమలాపురంలో ఏదో ఆఫీసు పనిమీద వెళ్తే గేటు దగ్గర ఆపారు. చాకు అక్కడ పెట్టి వెళ్తే ఎవరైనా పట్టుకుపోతారేమో, వియ్యంకుడికి ఏం సమాధానం చెప్పాలని, పని మానేసి ఇంటికొచ్చేశారు.

"మూడుసార్లు వెళ్ళేరండీ, మూడుసార్లూ గేటునుంచే వచ్చేసేరు. రాత్రి దిండు కింద పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదండీ వదినగారూ!"

నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ, మా ఇంటి సంగతంతా చెప్పాను, ఉప్పు పులుసుతో సహా. ఆవిడా నవ్వారు. ఇద్దరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. వచ్చే ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలుస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఇచ్చే తాంబూలం పళ్ళెంలో చాకు కూడా పెడతారు. తాంబూలంతో పాటు తీసుకుంటే అడిగినట్టూ కాదు, వెనక్కిచ్చినట్టూ కాదు. ఆడవాళ్ళం కాబట్టి ఇంత తెలివిగా ఆలోచించామని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

ఆదివారం అమలాపురంలో బస్సు మారి ముమ్మిడివరం వెళ్ళాం. రొయ్యల వేపుడు, చింతచిగురు పప్పు, గట్టి పెరుగు. తిన్నాం అనడం కంటే తినిపించారు అనడం బాగుంటుంది. భోజనాలయ్యాక వెనక వసారాలో కుర్చీలు వేశారు. వీరలక్ష్మిగారు తమలపాకులూ, అరటిపళ్ళూ, పక్కన తుడిచి తళతళలాడుతున్న చాకూ పెట్టిన పళ్ళెం తెచ్చి మధ్యలో బల్లమీద పెట్టి, నావైపు చూసి కన్ను గీటారు.

మా ఆయన కళ్ళు ఆ పళ్ళెంమీద పడగానే ఎడంచెయ్యి దానంతటదే జేబుమీదికి వెళ్ళింది. చెయ్యి చాస్తే అందేంత దూరం. తీసుకోండీ మహానుభావా అని లోపల దండం పెట్టుకున్నాను.

"తీసుకోండి బావగారూ. మీ చాకు మీ దగ్గరుంటేనే అందమండీ" అన్నారు బాపిరాజుగారు.

"అబ్బెబ్బే, మీకిచ్చిందండీ అది" అన్నారు ఈయన.

ఒకటి, అని లెక్కపెట్టుకున్నాను.

"మీ చెయ్యి అలవాటుపడిందండీ దానికి. ఉంచండి."

"ఎంత మాటండీ! మీ దగ్గరుంటే ఏంటి, నా దగ్గరుంటే ఏంటి?"

రెండు. వీరలక్ష్మిగారు తల పట్టుకున్నారు.

"నా మాట విని ఉంచండి బావగారూ" అన్నారు బాపిరాజుగారు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"ఇచ్చింది మళ్ళీ పుచ్చుకుంటే బాగోదండీ" అన్నారు మా ఆయన. అంటూ చాకువైపు చూసిన చూపు చూస్తే రాయైనా కరుగుతుంది.

మూడు! అయిపోయింది, ఇంక వీళ్ళు అరటిపళ్ళు ఒలుచుకుని లేస్తారు, నేను ఈ చప్పటి మనిషిని వెంటపెట్టుకుని ఇంటికెళ్ళాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడు పెరట్లోంచి గేదె గట్టిగా అరిచింది. వెంటనే దూడ ఏదో గొంతు నొక్కినట్టు మూలిగింది.

అందరం లేచి చూశాం. కొబ్బరిచెట్టుకి కట్టిన గేదెదూడ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, పలుపంతా మానుకి చుట్టేసుకుంది. మెడ మానుకి అతుక్కుపోయింది. కాళ్ళు జారి కూలబడటంతో బరువంతా మెడమీదే. నాలుక బయటికొచ్చింది. మగవాళ్ళిద్దరూ పరుగెత్తారు. మా ఆయన దూడని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. బాపిరాజుగారు ముడి లాగుతున్నారు. నైలాన్ తాడు, తడిసి బిగిసిపోయింది. లాగినకొద్దీ ఇంకా బిగుస్తోంది.

"ఏదైనా కత్తి తెండి!" అని అరిచారు బాపిరాజుగారు.

వీరలక్ష్మిగారు వంటింట్లోకి పరుగెత్తి, పాపం, కంగారులో కత్తిపీట ఎత్తుకొచ్చారు. కత్తిపీట దగ్గరికి వంకాయ వెళ్తుంది గానీ, వంకాయ దగ్గరికి కత్తిపీట వెళ్తుందా? దూడ మెడ దగ్గర దాన్ని ఎలా పెట్టాలో తెలీక ఆవిడ పీట పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇన్నేళ్ళూ నేను ఆ చాకుని తిట్టాను గానీ, అది ఎక్కడ అవసరమైతే అక్కడికి తనే వెళ్ళే వస్తువని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

పళ్ళెంలోంచి చాకు లాక్కుని పరుగెత్తాను. గోరుతో తెరవబోయాను, రాలేదు. మళ్ళీ లాగాను, గోరు విరిగింది కానీ అది తెరుచుకోలేదు. దాని కిటుకు ఆయన బొటనవేలికే తెలుసు.

"ఇలా ఇవ్వు!" అని ఆయన ఒక చెయ్యి వదిలి నావైపు చాచారు.

కింద పెట్టడానికి అక్కడ అరుగూ లేదు, బల్లా లేదు, ఆలోచించే తీరికా లేదు. ఆయన అరచేతిలో పెట్టేశాను. దూడని మోకాలితో ఎత్తిపట్టి, టక్కున తెరిచారు. మెడకీ తాడుకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి, చాకు వెన్ను దూడ మెడవైపు ఉండేలా పెట్టి, ఒక్క కోత. తాడు తెగింది. దూడ ఆయన ఒళ్ళో పడి, గట్టిగా ఊపిరి పీల్చి, ఆయన చొక్కా నిండా తుమ్మి, లేచి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

అందరం ఊపిరి తీసుకున్నాం. అప్పుడు వీరలక్ష్మిగారు కత్తిపీట కింద పెట్టి, బుగ్గలు నొక్కుకున్నారు.

"అయ్యయ్యో వదినగారూ, చాకు చేతికిచ్చేసేరే! తగువులొస్తాయండీ!"

"రానివ్వండి వదినగారూ" అన్నాను. "నేనొచ్చింది అందుకే."

మా ఆయన తలెత్తి నావైపు చూశారు. నలభై రోజులుగా ఆయన నావైపు అలా చూడలేదు. బాపిరాజుగారికి అంతా అర్థమైందో, సగమే అర్థమైందో తెలీదు గానీ, చేతులు జోడించి, వంగి, "బావగారూ, అది మీరే ఉంచండి. ఇది నాలుగోసారి అంటున్నాను" అన్నారు.

నాలుగోసారి అన్నాక ఇంకేముంది? మా ఆయన చాకు మడిచి జేబులో వేసుకున్నారు. బరువుకి జేబు కాస్త కిందికి దిగింది.

సాయంత్రానికి ఇల్లు చేరాం. బట్టలైనా మార్చుకోకుండా ఆయన పెరట్లోకి వెళ్ళారు. దోరకాయ ఒకటి కోసి తెచ్చి, కుర్చీలో కూర్చుని, సన్నగా చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది, ఆకులో పెట్టి నాకిచ్చారు. నాకు కళ్ళు చెమర్చాయి. ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆగాను.

"ఏవండీ, దూడ పలుపు కోసేక ఈ చాకు కడిగేరా?"

ఆయన కాసేపు ఆలోచించారు.

"నీకు పెట్టేవాడిది బుద్ధి తక్కువ! తింటే తిను, లేకపోతే ఉడతలకి పెట్టు" అన్నారు. "నలభై రోజులు ఉప్పు పులుసు పోసి చంపేవు, నేనేమన్నా అన్నానా?"

"ఒక్కరోజే పోశాను! మిగతా రోజులన్నీ బాగానే ఉంది!"

"బాగానే ఉందా? చెప్పనా ఏ రోజు ఎలా ఉందో?"

చెప్పారు. ఏ రోజు ఏ కూర ఎలా తగలబడిందో ఒక్కటి కూడా మర్చిపోకుండా దీపాలు పెట్టేవేళ దాకా చెప్పారు. నేను ఊరుకున్నానా? పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగి చూశారు. ఏం లేదు లెండి, మేం బాగానే ఉన్నాం అని చెప్పి, ఇంకో జామముక్క నోట్లో వేసుకున్నాను.